భల్లాలదేవుడికి కర్ణుడేడి?

భల్లాలదేవుడు దుర్యోధనుడు కాదు. ఈ మాట అంటే మా కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురైనా నా మీదికి లేస్తారు. 2015 జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చిన దగ్గర్నుంచీ ఈ పద్దు ఎప్పుడో తేలిపోయిందన్నట్టే అందరూ మాట్లాడుతున్నారు. భల్లాలుడు దుర్యోధనుడు. బిజ్జలుడు సగం ధృతరాష్ట్రుడు, సగం శకుని. కట్టప్ప భీష్ముడు, దేవసేన ద్రౌపది, శివగామి కుంతి. 2025 అక్టోబరు 31న రెండు భాగాలూ కలిపి కుదించి ‘బాహుబలి: ది ఎపిక్’ అని మళ్లీ హాళ్లలోకి వదిలాక పాత వాదాలన్నీ కొత్తగా లేచాయి. మొదటి విడుదలప్పుడు నిక్కర్లేసుకున్న పిల్లలు ఇప్పుడు డిగ్రీ కుర్రాళ్లై వచ్చి నాతో వాదిస్తున్నారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ వాళ్లు పోలికలు పట్టే పద్ధతి నాకు నచ్చడం లేదు.

మాది నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టు, తెనాలి పక్కన. మా నాన్న మేకప్ మనిషి. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడని ఊరు లేని రోజుల్లో రంగులపెట్టె పట్టుకుని రాత్రంతా తిరిగినవాడు. నేను తెలుగులో ఎం.ఏ. చేశాను, ఉద్యోగం రాలేదు, కిరీటాల మధ్య కూర్చున్నాను. ఇప్పుడు నాటకాలు తగ్గి బళ్ల వార్షికోత్సవాలే మాకు ఆధారం. జనవరి, ఫిబ్రవరి వస్తే డ్రిల్లు మాస్టార్లు వరస కడతారు. ‘బాబాయ్, భల్లాలదేవుడి డ్రెస్సు ఒకటి కావాలి, ఏడో తరగతి సైజు.’ నా దగ్గర భల్లాలుడు లేడు. దుర్యోధనుడి భుజకీర్తులు తీసి పక్కన పెడతాను. కిరీటానికున్న పూసల జాలరు విప్పేస్తాను. నల్ల వెల్వెట్ కోటు మీద రెక్సిన్ కవచం కట్టి, అట్టగదకి గొలుసు తగిలిస్తే భల్లాలుడు సిద్ధం. మర్నాడు అదే కిరీటం జాలరు కుట్టించుకుని దుర్యోధనుడై ఏ రేపల్లెకో పోతుంది.

కాబట్టి పైపై పోలిక లేదని నేననడం లేదు. ఆ పోలిక మీదే మా కొట్టు నడుస్తోంది. రాజమౌళి కూడా మహాభారతం ప్రభావం తన మీద ఎంతుందో దాచుకోలేదు. కాలకేయులన్న పేరు భారతంలోదే. పగలు సముద్రంలో దాక్కుని రాత్రుళ్లు మునుల్ని చంపే ఆ రాక్షసుల్ని బయటికి రప్పించడానికే అగస్త్యుడు సముద్రం తాగాడు. సినిమా ఆ పేరు తీసుకుంది, కథ వదిలేసింది. మాహిష్మతి కూడా అంతే. సహదేవుడు దక్షిణ దిగ్విజయానికి వెళ్లినప్పుడు తగిలిన నగరం అది. పేర్ల పోలిక పట్టుకుని గంటలకొద్దీ వాదించేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఓపిక చచ్చిపోతుంది.

ఇక దుర్యోధనుడి సంగతి. భారతంలో దుర్యోధనుడు మనకు మొదట గుర్తుండిపోయే ఘట్టం ఏది? అస్త్రవిద్యా ప్రదర్శన. కులమేమిటో చెప్పమని నిలదీస్తే తలొంచుకున్న కుర్రాడిని అక్కడికక్కడే అంగరాజ్యానికి రాజును చేసి పక్కన నిలబెట్టుకున్నాడు. అందులో స్వార్థం లేదని ఎవరూ అనరు. అర్జునుడికి ఎదురు నిలిచేవాడు వాడికి కావాలి. అయినా ఆ చెయ్యి చివరిదాకా వదల్లేదు. తెలుగువాళ్లకు ఇది ఇంకాస్త ఎక్కువ తెలుసు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసి, కొండవీటి వేంకటకవి చేత మాటలు రాయించి, దుర్యోధనుణ్ని సుయోధనుడిగా మన ఇళ్లలోకి తెచ్చి కూర్చోబెట్టాడు. భానుమతితో యుగళగీతం కూడా పెట్టాడు. ప్రతినాయకుడికి డ్యూయెట్టేమిటని అప్పుడు గొణిగినవాళ్లు కూడా ఆ పాట పాడుకున్నారు.

భల్లాలుడికి ఏముంది? కర్ణుడు లేడు. అశ్వత్థామ లేడు. వాడి కోసం చచ్చిపోవాలనుకునే మనిషి ఆ కోటలో ఒక్కడు కనపడడు, ఉన్నదల్లా ఎగదోసే తండ్రి. భార్య కూడా తెరమీద లేదు. వాడి కొడుకు భద్రుడి తల్లి ఎవరని అభిమానులు ఇన్నేళ్లుగా హాస్యానికి అడుగుతూనే ఉన్నారు. నాకది హాస్యంగా తోచదు, అది కథలో ఉన్న చిల్లు. పట్టాభిషేకం రోజున జనం అరిచింది తమ్ముడి పేరు. వాడి కడుపుమంట మనకు అర్థమయ్యే ఒకే ఒక్క క్షణం అదే, తర్వాత అదీ పోయింది. తొడలు విరిగి పడివున్న దుర్యోధనుడు కృష్ణుడికి ఎదురు జవాబు చెబితే ఆకాశం నుంచి పూలవాన కురిసిందని వ్యాసుడే రాశాడు. ధర్మరాజు స్వర్గానికి వెళ్లి చూస్తే అక్కడ సింహాసనం మీద దుర్యోధనుడే. పాండవుల వైపు కథ చెబుతున్న కవి ఇంత దూరం వెళ్లాడు. భల్లాలుడి మీద ఎవరూ ఒక్క పువ్వు వెయ్యరు, దేవసేన పాతికేళ్లు ఏరి పేర్చిన చితి మీద వాడు కాలిపోతాడు. మనం ఈల వేసి బయటికొస్తాం. వాడు మంచి విలనే, రానా బాగా చేశాడు కూడా. దుర్యోధనుడు మాత్రం కాడు.

ఇలా పోల్చే పని మనవాళ్లకే పట్టిన పిచ్చేమీ కాదు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల్లో, వాటి నుంచి 2011 మొదలు 2019 దాకా నడిచిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో జైమీ లానిస్టర్ అనే వీరుడికి కుడిచెయ్యి పోతుంది. ఉత్తర ఐరోపా పురాణాలు చదివినవాళ్లు వెంటనే అతను టీర్ దేవుడే అన్నారు. ఫెన్రిర్ అనే తోడేలును దేవతలు మోసపుచ్చి కట్టేస్తున్నప్పుడు, మోసం లేదని నమ్మించడానికి తోడేలు నోట్లో చెయ్యి పెట్టి పోగొట్టుకున్నవాడు టీర్. బాగుంది. కానీ టీర్ తెలిసి పెట్టాడు, పోతుందని తెలిసీ పెట్టాడు. జైమీ పట్టుబడితే ఇతరులు నరికారు. చెయ్యి పోవడం ఇద్దరికీ ఉంది, ఇవ్వడం ఒక్కడికే ఉంది. హైదరాబాద్‌లో చదువుకునే మా పక్కింటి కుర్రాడు అదే సీరియల్‌లో జాన్ స్నోను చూపించి ‘వీడు కర్ణుడు బాబాయ్, పుట్టుక దాచారు’ అంటాడు. పుట్టుక దాచినవాళ్లందరూ కర్ణులైతే పాత జానపద సినిమాల్లో హీరోలు సగం మంది కర్ణులే.

టోల్కీన్ ఈ గొడవ బతికుండగానే చూశాడు. గాండాల్ఫ్ అన్న పేరు, అతని వెంట తిరిగే మరుగుజ్జుల పేర్లు పాత నార్స్ కావ్యం నుంచి ఎత్తుకొచ్చినవే. గాండాల్ఫ్‌ను తలచుకుంటే దేశదిమ్మరి వేషంలో తిరిగే ఓడిన్ గుర్తొస్తాడని ఒక ఉత్తరంలో తనే ఒప్పుకున్నాడు. అంత ఒప్పుకున్నవాడే, తన ఉంగరాన్ని నీబెలుంగుల ఉంగరంతో ముడిపెడితే మాత్రం, రెండూ గుండ్రంగా ఉండటం తప్ప పోలికే లేదని కసిరేశాడు. ఏది ఒప్పుకున్నాడు, దేనికి కసిరాడు అన్నది గమనించండి. ఒకటి మనిషి నడక, రెండోది వస్తువు ఆకారం.

ఈ తగువుకి మన దగ్గర చాలా పాత తీర్పు ఒకటుంది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ రాస్తూ చివరి భాగంలో ఈ మాటే ఎత్తుకున్నాడు. ఒక కావ్యం ఇంకో కావ్యాన్ని పోలడం మూడు రకాలన్నాడు. అద్దంలో నీడలా ఉండేది మొదటిది, దానికి సొంత ప్రాణం లేదు. బొమ్మ గీసినట్టు ఉండేది రెండోది, ప్రాణం ఉన్నా లెక్కలోది కాదు. మూడోది ఒకే పోలిక ఉన్న ఇద్దరు మనుషుల లాంటిది. ముఖాలు కలిసినంత మాత్రాన ఇద్దరూ ఒకరే అనం కదా, అలాంటి పోలికకు కవి జంకనక్కర్లేదు అన్నాడు. ఎం.ఏ.లో ఇది పరీక్ష కోసం బట్టీ పట్టాను. కొట్టులో కూర్చున్నాకే పనికొచ్చింది. నా కొలబద్ద అదే. ముఖం కలిసిన చోట ఆగకూడదు, వీడు వాడిలా చెయ్యని చోటు ఏదో చూడాలి. వేషం నేను ఎవరికైనా కడతాను. సంకటం వచ్చినప్పుడు మనిషి ఏం చేశాడన్నదే పాత్ర.

అలా చూస్తే బాహుబలిలో అన్నిటికన్నా గట్టి పోలిక హీరోదీ కాదు, విలన్‌దీ కాదు. కుంతల రాజ్యంలో సుబ్బరాజు వేసిన కుమారవర్మది. ఆ పాత్ర తెర మీదికి రాగానే హాలంతా నవ్వింది, ఎందుకంటే మనకతను ముందే తెలుసు. ‘ఉత్తర కుమార ప్రగల్భాలు’ అన్నది తెలుగులో మామూలు మాట. విరాటపర్వం చదివితే వానలు పడతాయని ఊళ్లలో పురాణం చెప్పించేవాళ్లు. తిక్కన తన భారతం మొదలుపెట్టిందే ఆ పర్వంతో. 1963లో ‘నర్తనశాల’లో రేలంగి ఉత్తరుణ్ని చూసి నవ్వని ఇల్లు లేదు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవ సైన్యం కనపడగానే రథం దూకి పరుగెత్తినవాడు ఉత్తరుడు. పేడిరూపంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకుని, ధైర్యం చెప్పి, పగ్గాలు చేతికిచ్చాడు. కుంతలలో అమాయకుడి వేషంలో ఉన్న బాహుబలి, పిండారీలు మీద పడ్డ రాత్రి, భయంతో నక్కిన కుమారవర్మకు కత్తి చేతికిచ్చి నిలబెట్టాడు. ఇంతవరకూ అందరికీ తెలిసిన పోలికే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఉత్తరుడి కథ విరాటపర్వంతో అయిపోలేదు. కురుక్షేత్రంలో మొదటి రోజే, ఏనుగెక్కి శల్యుడి మీదికి వెళ్లి, శల్యుడి చేతిలోనే చచ్చిపోయాడు. పరుగెత్తినవాడే, ధైర్యం నేర్చుకున్నాక అందరికన్నా ముందు పోయినవాళ్లలో ఒకడు. కుమారవర్మ ఏమయ్యాడు? బాహుబలి నేర్పిన ధైర్యంతో, బావ ప్రాణాలకు ముప్పుందని బిజ్జలుడు నూరిపోసిన మాట నమ్మి, కత్తి పట్టుకుని భల్లాలుడి గదిలోకి వెళ్లాడు. అక్కడే చచ్చాడు. ఆ చావే బాహుబలి మీద రాజద్రోహం మోపడానికి సాక్ష్యం అయింది. పిరికివాడిగానే ఉండిపోతే ఇద్దరూ బతికేవాళ్లేమో. ఇది విజయేంద్రప్రసాద్ భారతం చూసుకుని రాశారో, కథ తనంతట అలా నడిచిందో నాకనవసరం. ఆనందవర్ధనుడి మూడో రకం అంటే ఇదీ. అయినా వార్షికోత్సవానికి కుమారవర్మ డ్రెస్సు అడిగిన డ్రిల్లు మాస్టారు ఇంతవరకూ లేడు.

కట్టప్ప విషయంలో నేను ఎక్కువ సేపు వాదించను. మొదటి భాగానికీ, 2017 ఏప్రిల్ 28న వచ్చిన రెండో భాగానికీ నడుమ, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని దేశమంతా ఒకటే ప్రశ్న అడిగింది కాబట్టి, ఆ రెండేళ్లూ మా బల్ల మీద భీష్ముడి ప్రతిజ్ఞే పారాయణ అయింది. సింహాసనానికి కట్టుబడ్డ ముసలి యోధుడు కనుక భీష్ముడన్నారు. భీష్ముడు రాజయ్యేవాడు. కాదనుకుని, తన నోటితో తను ప్రతిజ్ఞ చేశాడు. యుద్ధానికి ముందు ధర్మరాజు పాదాలకు మొక్కితే, కౌరవుల సొమ్ముకు కట్టుబడిపోయానని కూడా తనే ఒప్పుకున్నాడు. కట్టప్ప ఏం ఒప్పుకుంటాడు? ఎవరో తాత ఇచ్చిన మాటకు మనవడు పుట్టుకతో బానిస. బాహుబలి ‘మామా’ అని పిలిచినా బానిసే. విడిపిస్తానని అస్లంఖాన్ ముందుకొచ్చినా వద్దంటాడు. ఇలాంటివాణ్ని భీష్ముడనడం భీష్ముడికి గౌరవమూ కాదు, కట్టప్పకు న్యాయమూ కాదు. ఒకడు కాదనుకున్నదాన్ని ఇంకొకడికి ఎవరూ ఎన్నడూ ఇవ్వలేదు.

దేవసేన దగ్గర మాత్రం నాకు సినిమాతో పేచీ ఉంది. నిండు సభలో నిలబెట్టిన కోడలు కాబట్టి ద్రౌపది అంటున్నారు. ఒంటి మీద చెయ్యి వేసిన సేతుపతి వేళ్లు నరికింది, సభకు ఈడ్చుకొచ్చారు, మొగుడు వచ్చాడు, నరకాల్సింది వేళ్లు కాదని తల నరికాడు. హాలు అదిరిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను. చిన్నప్పటి నుంచి సభాపర్వం విన్న ప్రతివాడికీ కడుపులో ఉన్న కోరిక అది. ఐదుగురు మొగుళ్లలో ఒక్కడైనా లేచి నరికెయ్యొచ్చు కదా! భీముడు లేవబోతే అర్జునుడు ఆపాడే! ఆ కోరిక ఇన్ని వందల ఏళ్ల తర్వాత రాజమౌళి తీర్చాడు.

తీర్చినందుకు చెల్లించిన మూల్యం ఎవరూ చూడరు. ద్రౌపది ఏడుస్తూ నిలబడ్డ మనిషి కాదు. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆ సభను అడిగింది. అది వకీలు ప్రశ్న. భీష్ముడి దగ్గర జవాబు లేదు, ధర్మం సూక్ష్మం అని తప్పుకున్నాడు. వికర్ణుడు జవాబు చెబితే కర్ణుడు నోరు మూయించాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ తెగలేదు, అందుకే సభాపర్వం ఇప్పటికీ నడుస్తోంది. సినిమాలో ఆ ప్రశ్నే లేదు, జవాబు మాత్రం కత్తి రూపంలో వచ్చింది. దేవసేనకు వచ్చిన న్యాయం ద్రౌపదికి రాలేదు, ద్రౌపది అడిగిన మాట దేవసేన అడగలేదు. ఇద్దర్నీ ఒకే గాటన కడితే పోయేది ఆ మాటే.

ఇంతకీ ఈ కథలో భీష్ముడు లేడా? ఉన్నాడు. పంచె కట్టలేదు, గడ్డం లేదు, అందుకని ఎవరూ గుర్తుపట్టలేదు. శివగామి.

మా కొట్టులో ఈ మాట మొదట అన్నప్పుడు పెద్ద గోల. రాజమాత కుంతి కదా, మాద్రి బిడ్డల్ని సాకినట్టు తల్లి చనిపోయిన బిడ్డకు పాలిచ్చింది కదా అన్నారు. నదిలో బిడ్డను పైకెత్తి పట్టుకుంది కాబట్టి వసుదేవుడన్నవాడూ ఉన్నాడు. ఆమె చేసిన పనులు వరసగా చూడండి. సింహాసనం తనది కాదు, రాజ్యం నడిపేది తనే. రెండు కొమ్మల బిడ్డల్నీ ఒకే ఒడిలో పెంచింది. ఇచ్చిన మాట తప్పడమంటే ఆమెకు చావుతో సమానం. ఆ మాట ఒకసారి, కాబోయే పెళ్లికూతురిని అడక్కుండా, పెద్దకొడుక్కి ఇచ్చేసింది. ఆ పిల్ల కాదంటే బంధించి తెమ్మని పంపింది. కాశీరాజు కూతుళ్లను తమ్ముడి కోసం రథమెక్కించి తెచ్చిన భీష్ముడికీ ఈమెకీ తేడా ఏముంది? మనసులో ఇంకొకడున్నాడని అంబ చెప్పింది. తన మనసులో ఎవరున్నారో దేవసేన సభలోనే చెప్పింది. మాట నెగ్గాలి, ఆడపిల్ల బతుకు ఏమైనా ఫరవాలేదు అన్న చోట ఇద్దరూ ఒకేలా నిలబడ్డారు. రెండు వంశాలూ కూలడం అక్కడే మొదలైంది.

తెలుగు పండితుడు ఒకాయన, రిటైరయ్యాక మధ్యాహ్నాలు మా కొట్టుకొచ్చి పేపరు చదువుకునే పెద్దాయన, నన్ను అక్కడే పట్టుకున్నారు. ‘నీ కొలబద్ద నీకే పెడతానురా. భీష్ముడు తప్పు తెలుసుకుని ఏం చేశాడు? అంపశయ్య ఎక్కి ధర్మరాజుకు శాంతిపర్వం చెప్పాడు. శివగామి ఏం చేసింది?’ అన్నారు. నా దగ్గర జవాబు తయారుగా లేదు. ఇంటికెళ్లి సినిమా మళ్లీ పెట్టుకున్నాను. తను చంపించింది ఎవరినో, ఎందుకో తెలిసిన ఘడియలోనే ఆమె పురిటిబిడ్డను చేతుల్లోకి తీసుకుని కోట ముందుకొచ్చి, కన్నకొడుకు వింటుండగా, రాజు వీడేనని జనానికి చెప్పింది. ఆ తర్వాతే వీపులో బాణం, ఆ నది. శాంతిపర్వం చెప్పే తీరిక ఆమెకు లేదు. కానీ సింహాసనం మీద ఎవడు కూర్చుంటే వాడికే కట్టుబడతానన్న మాటను భీష్ముడు చచ్చేదాకా మోశాడు. శివగామి ఒక్క పూటలో దించేసింది.

పెద్దాయనకు ఆ మాటే చెప్పాను. ‘అయితే ఆవిడ భీష్ముడు కాదన్నమాట’ అన్నారు. కాదు, ఆ గడప దాకా భీష్ముడే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, ఇంకా ఒప్పుకోవడం లేదు.